మల్లెచెట్టు కింది పాప

పుంగనూరులోని ఆ ఇంట్లో రాగిసంగటి ఉడికే వాసనకే అందరికీ మెలకువ వస్తుంది. రేవతి డెయిరీలో డ్యూటీకి బయల్దేరేలోగా సంగటి కెలికి, ఊరుబిండి పచ్చడి నూరి, ఆరేళ్ల రోజాకు ముద్ద చేసి పెట్టింది. హేమంత్‌కు ఆమె రెండో భార్య. రోజాను కన్న తల్లి విజయ జబ్బు చేసి పోయింది.

రోజా ముద్దలో కొంచెం తుంచి పిల్లికి వేసి, దాన్నే చూస్తూ కూర్చుంది.

"యాల తల్లీ, నువ్వు తినకుండా దానికి పెడతాండావు?"

"సచ్చిపోతాదేమో సూస్తాండా పిన్నీ."

రేవతి రోజా పక్కన కూర్చుంది. "ఎవరు చెప్పినారమ్మా నీకు?"

"అవ్వ. ఒక సవితితల్లి ముద్దలో మందు కలిపి పాపను పెరట్లో పూడ్చిపెట్టిందంట. ఆడ మల్లెచెట్టు మొలిచిందంట. పూలు కోస్తే చెట్టు ఏడ్చిందంట."

అవ్వ అంటే అంకమ్మ. విజయకు తల్లి, హేమంత్‌కు సొంత అక్క. తమ్ముడికే పిల్లనిచ్చుకుంది కాబట్టి, కూతురు పోయినా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. రేవతి మూల కూర్చుని ఏడ్చే రకం కాదు. రోజాను బూట్లు వేసుకోమని పంపి, కంచం పట్టుకుని నేరుగా వసారాలోకి నడిచింది.

"వదినా, నాకూ ఒక కథ తెలుసు, ఇను."

"పొద్దున్నే కథలేందమ్మా!"

"ఒక పాపకు వాళ్లవ్వ సవితితల్లి కథ చెప్పిందంట. పాప భయపడి ముద్ద ముట్టలేదంట. చిక్కి చిక్కి సచ్చిపోతే పెరట్లో పూడ్చినారంట. ఆడ మల్లెచెట్టు మొలిచింది. పూలు కోస్తే అది ఏమని ఏడ్చిందో తెలుసునా? 'మా పిన్ని ముద్దలో మందు లేదు, మా అవ్వ కథలోనే ఉండాది' అని."

"నోర్ముయ్!" అని అరిచింది అంకమ్మ. ఆ అరుపులో పస లేదు. మరుక్షణమే భోరుమంది.

"నీ సేతి ముద్ద మరిగితే పాప నా బిడ్డను మర్చిపోతాదని భయమమ్మా నాకు. నేను పోతే ఇజయ పేరెత్తేవాళ్లు ఈ ఇంట్లో యాడుండారు?"

రేవతికి కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఆమె పక్కనే చతికిలబడింది.

"నేనుండా గదా! ఆయక్క ఎట్లా నవ్వేదో, ఏం అల్లరి చేసేదో నాకెవరూ చెప్పలా. ఆ కథ చెప్పు వదినా. పాప ఇంటాది, నేనూ ఇంటా."

అంతలో రోజా ఒంటికాలి బూటుతో వచ్చి నిలబడింది. అంకమ్మ ముక్కు చీది, గొంతు సవరించుకుంది.

"మీ యమ్మ నీయంతప్పుడు ఏం జేసిందో తెలుసునా? పక్కింటోళ్ల మేకకు రిబ్బన్లు కట్టి ఇస్కూలుకు తోలుకుపోయింది."

రోజా కిలకిలా నవ్వింది. "టీచరమ్మ కొట్టలేదా?"

"కొట్టలా. మేకక్కూడా హాజరు పిలిచింది."

నవ్వుతో తెరుచుకున్న ఆ చిన్న నోటికి రేవతి సంగటి అందించింది. రోజా అదేమిటో చూడనైనా చూడకుండా మింగేసి, "ఆమీద ఏమయ్యింది, చెప్పవ్వా" అంది.

రేవతి డ్యూటీ సంగతి మరిచి ఇంకో ముద్ద తుంచింది.