గోళీ కన్ను

కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. మూడంతస్తుల మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే చేతిలోని ఫోను బల్లమీద పెట్టింది.

"నేను బతికుండగానే నా దుకాణం చచ్చిపోయిందని ఎవరో చాటింపు వేశారండీ," అంది.

ఆమె వెనకాలే వచ్చిన మరిది మంచినీళ్ళ గ్లాసు అందించి, "కాస్త నెమ్మదించు వదినా," అన్నాడు.

బల్లకు అవతల ఉన్న డిటెక్టివ్‌కు అరవై దాటాయి. ఇరవై ఎనిమిదేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది, ఆ తర్వాత ఈ వృత్తిలోకి దిగింది. తెలిసినవాళ్ళంతా ఆమెను అచ్చుతప్పులమ్మ అంటారు. ఆమె సహాయకుడు ఒకప్పుడు గ్రంథాలయంలో కార్డులు రాసేవాడు కాబట్టి అతనికి కేటలాగు అన్న పేరు స్థిరపడింది. నాలుగేళ్ళుగా ఆమె దగ్గర పనిచేస్తున్నా, ఆమె మనుషుల మాటల్లో తప్పు పట్టుకునే తీరు చూస్తే అతనికి ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

వచ్చినామె కృత్రిమ నేత్రాలు చేస్తుంది. ప్రమాదంలోనో జబ్బువల్లో కన్ను పోయినవాళ్ళకు, రెండో కన్నుతో పోల్చి రంగులద్ది, అచ్చం అలాంటిదే అమరుస్తుంది. అందరికీ ఆమె మేస్త్రమ్మ. ఇలాంటి పనివాళ్ళు అరుదు కాబట్టి జనం వెతుక్కుంటూ వస్తారు. ఈ రోజుల్లో వెతకడమంటే ఫోనులో వెతకడమే.

"గాజు కన్ను" అని కొడితే ఇన్నాళ్ళూ ఆమె వెబ్‌సైటే ముందు వచ్చేది. ఇప్పుడూ వస్తోంది. కానీ దాని కింద రెండు వాక్యాలు కనబడుతున్నాయి: "ఈ పని ఆపేశాం. దయచేసి మరోచోట సంప్రదించండి." దాని కిందనే కొత్తగా వెలిసిన ఇంకో దుకాణం. అసలు వింత ఏమిటంటే, పేజీ తెరిచి చూస్తే ఆ వాక్యాలు ఎక్కడా లేవు. మేస్త్రమ్మ పదిసార్లు తెరిచి చూసి, తన మతి చలించిందేమోనని భయపడింది.

ఫోను మోగి మూడు వారాలైందని, వదిన తిండి కూడా సరిగ్గా తినడం లేదని మరిది బాధపడ్డాడు. వదిన మెట్లు దిగుతుండగా తానొక్కడే వెనక్కి వచ్చి, ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న శిష్యురాలు సొంతంగా దుకాణం పెట్టుకోవాలని చూస్తోందని తన అనుమానాన్ని లోగొంతుకతో చెప్పి వెళ్ళాడు.

కేటలాగుకు విషయం వెంటనే అర్థమైంది. "ప్రతి వెబ్ పేజీకి పైకి కనబడని తలభాగం ఒకటుంటుంది మేడమ్. పేజీ పేరు, రెండు వాక్యాల పరిచయం, కొన్ని కీలక పదాలు అందులో రాస్తారు. మెటా ట్యాగులంటారు. వెతికినవాళ్ళకు పేజీ పేరు కింద కనబడేది చాలాసార్లు ఆ పరిచయమే. పుస్తకం భద్రంగానే ఉంది. ఎవరో దాని కార్డు మార్చేశారు."

"కార్డు మార్చగలిగేది ఎవరెవరు?"

ముగ్గురే. మరిది, శిష్యురాలు, వెబ్‌సైటు కట్టిన డిజైనరు.

మర్నాడు ఉదయం ఇద్దరూ ఆ పనిచోటికి వెళ్ళారు. ఎత్తైన కిటికీల కింద పళ్ళేల్లో కనుపాపలు రంగులవారీగా వరసగా ఉన్నాయి. తేనె రంగునుంచి బొగ్గు నలుపుదాకా ఎన్ని ఛాయలో. శిష్యురాలు పట్టకారుతో ఎర్ర పట్టుపోగులు తీసి, తెల్లగుడ్డు మీద సన్నని నరాల్లా పరుస్తోంది. గుమ్మం పక్కన మరిది బల్ల, దానిమీద ఫోను. అచ్చుతప్పులమ్మ ఆ బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. గోడకు అంటించిన కాగితం మీద ముగ్గురి పాస్‌వర్డులూ గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్నాయి.

పరిచయ వాక్యాలు మారింది మూడు వారాల కిందటి మంగళవారం ఉదయం పదకొండు గంటలకని, అది శిష్యురాలి ఖాతానుంచే జరిగిందని అక్కడికి పిలిపించిన డిజైనరు రికార్డు చూసి చెప్పాడు. ఆ మాటకు శిష్యురాలు పట్టకారు కింద పెట్టి ఇటు తిరిగింది.

"ఆ వేళకు నువ్వేం చేస్తున్నావమ్మా?" అని అచ్చుతప్పులమ్మ అడిగింది.

"ఒక పెద్దాయన కంటిగూటికి అచ్చు తీస్తున్నానండి. రిజిస్టరులో ఉంటుంది."

"సొంత దుకాణం పెట్టాలని ఉందా?"

"ఉంది. మేస్త్రమ్మక్కకు చెప్పాను కూడా. ఇంకో రెండేళ్ళు నేర్చుకున్నాక పెట్టమంది."

"ఫోనులో ఎవరు మాట్లాడతారు?"

"మా ఇద్దరి చేతులకూ ఎప్పుడూ రంగో మైనమో అంటుకుని ఉంటుందండి. ఫోను వ్యవహారమంతా అక్క మరిదిగారిదే."

డిజైనరును కీలక పదాల గురించి అడిగితే అతను నవ్వాడు. ఆ ట్యాగును పెద్ద వెతుకుడు సైట్లు పట్టించుకోవడం మానేసి ఏళ్ళయిందట. పేజీ పేరులోనూ, కంటికి కనబడే రాతలోనూ జనం వాడే మాట ఉంటేనే ఫలితమట. మేస్త్రమ్మ ముచ్చటపడి నలభై మాటలు రాసిస్తే కాదనలేక పెట్టానన్నాడు.

అచ్చుతప్పులమ్మ ఆ నలభై మాటలూ, కొత్త దుకాణం పేజీ తలభాగంలోని మాటలూ రెండు కాగితాల మీద తీయించింది. ఆఫీసుకు తిరిగొచ్చి ఎర్ర పెన్సిలు పట్టుకుని అరగంటసేపు చదివింది.

"కేటలాగూ, మేస్త్రమ్మ జాబితాలో పద్నాలుగో మాట చూడు. 'కృత్రిమ' బదులు 'కృతిమ' అని పడింది. కొత్తవాడి జాబితాలోనూ పద్నాలుగోది అదే తప్పు."

"మనవాళ్ళ దగ్గర్నుంచే ఎత్తాడన్నమాట!"

"పేజీ తలభాగం తెరిచి చూడడం తెలిస్తే అది ఎవరైనా ఎత్తగలరు. కానీ మనది నలభైతో ఆగింది. వాడిది నలభై ఒకటి."

ఆ చివరి మాట 'గోళీ కన్ను'. కేటలాగు ఎన్ని నిఘంటువులు తిరగేసినా ఆ మాట దొరకలేదు. ఫోనులో వెతికినా ఎక్కడా లేదు. విన్నారా అని ముగ్గురినీ అడిగారు. శిష్యురాలు లేదంది. డిజైనరు లేదన్నాడు. గోళీలేమిటి, ఇదేమైనా ఆటవస్తువా అని మరిది విసుక్కున్నాడు.

"పెద్దవాళ్ళకు తట్టే మాట కాదిది," అంది అచ్చుతప్పులమ్మ. "ఎవరో చిన్నపిల్ల అని ఉంటుంది. ఆ పిల్ల ఎవరితో అందో తెలిస్తే దొంగ తెలిసినట్టే. పిల్లను మనం వెతకలేం. ఆ పిల్లే మనల్ని వెతుక్కుంటూ వచ్చేలా చెయ్యాలి."

ఆ సాయంత్రం డిజైనరునీ మేస్త్రమ్మనీ మాత్రమే పిలిపించింది. మేస్త్రమ్మ పేజీ పేరులో 'గోళీ కన్ను' చేర్చారు. ఆపేశామన్న పరిచయం తీసేసి, పిల్లలకు గోళీ కన్ను చేసిస్తామని రాశారు. పేజీలో అందరికీ కనబడేలా అదే మాటతో ఒక వాక్యం పెట్టి, పక్కన డిటెక్టివ్ ఫోను నంబరు వేశారు. ఎవరూ వాడని మాటకు పోటీ ఉండదు కాబట్టి రెండుమూడు రోజుల్లో పైకొస్తుందని డిజైనరు భరోసా ఇచ్చాడు.

మొదటి రోజు ఎవరూ పలకలేదు. రెండో రోజు ఎవరో తప్పు నంబరు. మూడోరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల ఒక తల్లి గొంతు.

"మీరు గోళీ కన్ను చేస్తారటగదా? మా పాప ఆ పేరే చెప్పి వెతకమని పోరుపెడుతోంది."

కేటలాగు కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు.

శనివారం పదిగంటలకు అందరూ మేస్త్రమ్మ పనిచోట కూడారు. ఒక బల్లమీద ఏడేళ్ళ పాప, తల్లి పక్కన కాళ్ళూపుకుంటూ కూర్చుంది. పాప కుడికన్ను అంచులు ఎర్రగా కమిలి ఉన్నాయి. మరిది ఆ పాపను చూసి ఎవరో కొత్త బేరమనుకున్నాడు.

అచ్చుతప్పులమ్మ తొందరపడకుండా మొదలుపెట్టింది. శిష్యురాలి ఖాతా వాడినంత మాత్రాన ఆ పని శిష్యురాలిదే అనుకోనక్కర్లేదని, పాస్‌వర్డు గోడమీదే ఉందని చూపించింది. ఆ పదకొండు గంటలకు ఆమె రెండు చేతులూ పెద్దాయన ముఖం మీద ఉన్నాయని ఆయన్నే అడిగి తెలుసుకున్నానంది. ఇక డిజైనరు. కీలక పదాల ట్యాగు దండగని తెలిసినవాడు తన దొంగపేజీలో నలభై ఒక్క మాటలు అందులోనే కూరి కూర్చోడు. దాన్ని మంత్రమని నమ్మినవాడే ఆ పని చేస్తాడు.

"మిగిలింది ఒక్క మాట. పాపా, గోళీ కన్ను కావాలని మొదట ఎవరినడిగావు?"

"ఫోనులో మామయ్యని. ఆయన నవ్వి, రాసుకుంటానన్నాడు."

తల్లి తన ఫోను తెరిచి బల్లమీద పెట్టింది. పన్నెండు రోజుల కిందట, మధ్యాహ్నం, నాలుగు నిమిషాల సంభాషణ. నంబరు ఈ పనిచోటిదే.

"మూడు వారాలుగా మోగని ఫోను," అంది అచ్చుతప్పులమ్మ, "నాలుగు నిమిషాలు ఎలా మాట్లాడింది బాబూ?"

మరిది వదినవైపు చూశాడు. ఆమె చూపు మరల్చలేదు. ఇక దాచి లాభం లేదని తెలిసి అతను నోరు విప్పాడు. రెడీమేడ్ కళ్ళు పెట్టెలతో తెప్పిస్తే రోజుకు పదిమందికి పెట్టొచ్చని ఏళ్ళతరబడి చెప్పాడట. ఒక్కో కన్నుకు నాలుగురోజులు కూర్చునే వదిన వినలేదు. అందుకే స్నేహితుడితో పక్కవీధిలో గది తీసుకుని, ఫోను మోత ఆపేసి, చేసినవాళ్ళందరితో బయటికెళ్ళి మాట్లాడి అక్కడికి పంపాడు. పాపకు పెట్టిందీ అక్కడి రెడీమేడ్ కన్నే.

మేస్త్రమ్మ చేతులు కడుక్కుని వచ్చి, పాప ముందు మోకాళ్ళమీద కూర్చుని, ఆ సరిపడని కన్నును మెల్లగా తీసింది. పాప హమ్మయ్య అని ఊపిరి వదిలింది.

"నా దుకాణం మూయించావు, సరే," అంది మరిదితో. "ఈ పసిదాని కంటిగూడు ఇలా ఒరుసుకుపోతుంటే నీకు నిద్రెలా పట్టింది?"

మరిది అందరి ఎదుటా కొత్త పేజీని తన చేతులతోనే తీసేశాడు. తను దారి మళ్ళించిన పదకొండుమంది పేర్లూ నంబర్లూ రాసిచ్చి, బల్ల ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. శిష్యురాలు ఆ కాగితం అందుకుని, రంగు చేతులతోనే మొదటి నంబరుకు ఫోను చేసింది. సాయంత్రానికి పదకొండుమందిలో తొమ్మిదిమంది మళ్ళీ వస్తామన్నారు. పేజీకి కొత్త పరిచయం మేస్త్రమ్మ చెబుతుంటే డిజైనరు రాశాడు. అచ్చుతప్పులమ్మ రెండుచోట్ల దిద్దింది.

గాయం మానడానికి రెండు వారాలు, కన్ను చేయడానికి నాలుగురోజులు పట్టింది. పిలుపు రాగానే డిటెక్టివ్, కేటలాగు ఇద్దరూ వెళ్ళారు. పాప కిటికీ వెలుతురులో నిలబడి, రెండు కళ్ళూ పెద్దవి చేసి అచ్చుతప్పులమ్మ ఎదుటికి వచ్చింది.

"ఏది గోళీయో చెప్పు అమ్మమ్మా. ఒక్కసారే ఛాన్సు."

అచ్చుతప్పులమ్మ కళ్ళజోడు సర్దుకుంది. దగ్గరగా చూసింది, దూరం జరిగి చూసింది. పాపను అటూ ఇటూ చూడమంది. చివరికి ఒక కంటివైపు వేలు చూపించి, "ఇది," అంది.

"తప్పు!" అని పాప గెంతింది. తల్లి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. మేస్త్రమ్మ కుంచె కడిగి, ఆరబెట్టి, "తర్వాతివాళ్ళను రమ్మను," అని శిష్యురాలికి చెప్పింది.