మంచులో అడుగుమట్టి

మార్గశిర అమావాస్య... సాయంత్రం నాలుగూ నలభై!

కేంబ్రిడ్జ్ ఊరి మీద అసురసంధ్య కమ్ముకుంటోంది. ఈ మేపుల్ ఆకు జెండా దేశంలో చలికాలపు పొద్దు బతుకే అంత. మధ్యాహ్నం తిన్న అన్నం అరగకముందే చీకటి పడుతుంది. ఏకిన దూదిలా మంచు రాలుతోంది... అంతలో ఉరుము! మంచు కురిసే ఆకాశం ఉరమదు. ఆ వేళ ఉరిమింది! నది ఒడ్డున ఆకు రాలిన మేపుల్ కొమ్మ మీద ఓ గుడ్లగూబ మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, వీధి చివరి ఇంటి గ్యారేజీ వైపు చూసింది. ఒక్కసారి కూసింది. రెండోసారి కూయడానికి దానికే ధైర్యం చాల్లేదు!

గ్యారేజీ తలుపు కింది సందులోంచి ఎర్రటి వెలుతురు మంచు మీదికి పాకుతోంది.

లోపల యోగానంద్ పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. చూసినవాళ్ళు యాభై అంటారు. బాగా పరకాయించి చూస్తే మెడ మీది చర్మం ముసలిది, ముఖం మీది చర్మం పడుచుది. దవడ కింద ఆ రెండూ కలిసేచోట సన్నటి గీత ఉంటుంది. అందుకే ఆయన ఎండాకాలంలో కూడా మఫ్లర్ తియ్యడు.

సిమెంటు నేల మీద పసుపు, కుంకుమ, బొగ్గుపొడి కలిపి వేసిన భయంకర మండలం! దాని నడుమ కపాలం!! కింది దవడను రాగితీగతో బిగించి, పళ్ళ మధ్య ఒక ఫోను ఇరికించాడు. ఫోను తెర మీద మ్యాపు. మ్యాపులో రెండు నీలిచుక్కలు. ఒకటి కేంబ్రిడ్జ్‌లో కదలకుండా ఉంది, అది ఆయనది. రెండోది వంద కిలోమీటర్ల అవతల, నార్త్ యార్క్‌లో మిణుకుమంటోంది. అది స్వీటీ అనే ఇరవై రెండేళ్ళ పిల్ల ప్రాణం!

ఆ రోజుల్లో చేతబడికి అడుగుమట్టి కావాలి. మనిషి నడిచిపోయాక ఎడమపాదం ముద్రలోంచి చిటికెడు మట్టి తీస్తే, పిశాచం ఆ జాడ పట్టుకుని పోతుంది. ఈ దేశం వచ్చాక ఆయన విద్య మూలపడింది. నేలంతా తారు, మంచు. కాళ్ళకి బూట్లు. మూడేళ్ళు వట్టి చేతులతో తిరిగాడు. ఆఖరికి ఒకరోజు బస్సులో కూర్చుని, తల దించుకున్న మనుషులను చూస్తుంటే తట్టింది... వీళ్ళ అడుగుమట్టి వీళ్ళ జేబుల్లోనే ఉంది!

దానికోసం ఎవరి వెంటా పడనక్కర్లేదు. వాళ్ళే చేతికిస్తారు! కొత్తగా దిగే పిల్లల కోసం ఆయన ఎయిర్‌పోర్టుకి కారు వేసుకెళ్ళేవాడు. ఇరవై గంటల ప్రయాణం, వాచిన కాళ్ళు, బెదురు చూపులు. కారులో వెచ్చటి హీటరు, ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర. "ఫోను ఇటివ్వమ్మా, సిమ్ వేసి సెట్ చేసిస్తా" అనేవాడు. ఇచ్చేవాళ్ళు. మనవాడే కదా, పెద్దాయనే కదా! వాళ్ళు పులిహోర తినేలోగా ఆయన ఒకరి జాడ ఒకరికి కనబడే తన ఫ్యామిలీ గ్రూపులో వాళ్ళను కలిపేసేవాడు. లొకేషన్ ఎప్పటికీ ఆగకుండా పెట్టేవాడు. పాస్‌వర్డ్ మరచిపోతే కోడ్ ఏ నంబరుకి రావాలి అని ఫోను అడిగితే, పిల్లల కొత్త సిమ్ ఇంకా పని చెయ్యదుగా... తన నంబరు కొట్టేవాడు!

"రక్తజిహ్వా..." పిలిచాడు యోగానంద్. గ్యారేజీలో గాలి గడ్డకట్టింది.

ఒక ప్రాణానికి పన్నెండేళ్ళ ఆయుష్షు. అదీ ఆ పిశాచంతో ఒప్పందం. ఇద్దరు పిల్లలు ఇప్పటికే నిద్రలో పోయారు. గుండె ఆగిందన్నారు, పెట్టెలు విమానమెక్కాయి. ఇది మూడోది; మూడు వారాలుగా పిశాచం ఈ పిల్లను పట్టి మెత్తబరుస్తోంది. సంధ్య దాటేలోగా ఇవ్వాలి. ఇవ్వకపోతే పిశాచం వట్టి కడుపుతో పోదు... ఆ మాట మాత్రం ఆయన ఎన్నడూ పైకి అనుకోలేదు.

"ఈ గ్రూపులో ఉన్న ప్రాణాన్ని పట్టి తే! ఫో!!"

కపాలం కళ్ళల్లోంచి నల్లటి పొగ లేచింది!

*

అదే వేళకి నార్త్ యార్క్‌లో, సబ్వే స్టేషన్ పక్క ప్లాజాలో బేబీ తన ఫోన్ రిపేరు షాపు షట్టరు సగం దించింది. తెనాలి మనిషి. పదహారేళ్ళుగా పగిలిన తెరలు మారుస్తోంది. ఆమె ముందు వర్షిణి నిలబడి ఉంది, కళ్ళ కింద మసి పూసినట్టు చారలు. వెనకగదిలో కుర్చీలో స్వీటీ. చున్నీతో కుర్చీకి కట్టేసి ఉంది. కట్టింది వర్షిణే.

ఇద్దరిదీ గ్వెల్ఫ్‌లో ఒకే బేస్‌మెంటు. మూడు వారాల కింద స్వీటీ గిన్నెలు తోముతూ తోముతూ మగగొంతుతో నవ్వింది. మర్నాడు చెప్పుల్లేకుండా మంచులో గంటసేపు నిలబడింది, పాదాలు కందలేదు కూడా! వర్షిణి ఆమెను పక్క ఊరు కిచెనర్‌లో వేరే ఇంటికి తీసుకుపోయింది. ఒక పూట బాగుంది, తర్వాత మళ్ళీ వచ్చింది. గుళ్ళో తాయెత్తు కట్టించింది. మళ్ళీ వచ్చింది. ఆఖరికి నార్త్ యార్క్‌లో తెలిసినవాళ్ళ కాండో ఫ్లాటుకి, ఇరవై రెండో అంతస్తుకి తెచ్చింది. తెల్లారి చూస్తే కిటికీ అద్దానికి బయటివైపు పేరుకున్న మంచులో అరచేయి ముద్ర! ఆరు వేళ్ళు!!

ఇవాళ స్వీటీ ఫోను పెనంలా కాలింది. కవరు మెత్తబడి వేళ్ళకంటుకుంది. అందుకని ఇక్కడికి వచ్చారు.

"ఆఫ్ చేశావా?" బేబీ అడిగింది.

"చేసిన ఆంటీ. రెండు దినాలు ఆఫ్ పెట్టినం. అయినా వచ్చింది."

"ఇది ఆఫ్ చేసినా జాడ చెప్పే రకం. నిద్రలో గురక పెట్టే మొగుడి లాంటిది, పడుకున్నా ఎక్కడున్నాడో వీధికంతా తెలుస్తుంది. పాత ఫోనేనా?"

"లే, పోయిన వారమే కొత్తది కొన్నం. పాతదాంట్లయి అన్నీ దీంట్లకు తెచ్చుకున్నం. పర్మిట్ మెయిల్స్ అన్నీ అండ్లనే ఉండె."

"ఇంకేం! ఇల్లు మారుతూ దయ్యాన్ని కూడా సామానుతో కట్టుకొచ్చారు."

లాక్ నంబరు వర్షిణికి తెలుసు. ఫోను తెరిచి ఇచ్చింది. బేబీ ఒక్కో గది తలుపు తీసి చూసినట్టు సెట్టింగులు చూస్తోంది. ఉన్నట్టుండి వేలు ఆగిపోయింది.

"ఈ యోగానంద్ ఎవరే?"

"ఎయిర్‌పోర్ట్ అంకుల్. మమ్మల్ని పికప్ చేసిండు. మస్తు మంచోడు ఆంటీ."

"ఆ మంచోడు ఈ పిల్లని ఫ్యామిలీలో కలిపాడు. ఏడాదిన్నరగా అడుగడుగూ చూస్తున్నాడు. ఇప్పుడు కూడా..." బేబీ గొంతు తగ్గింది. "ఇదిగో చూడు. కేంబ్రిడ్జ్‌లో ఆయన చుక్క. ఇక్కడ ఈ పిల్ల చుక్క. గ్రూపులో ఉన్నది ఇద్దరే."

మరి తన చుక్క?... వర్షిణి తన ఫోను తీసి వెతికింది. గ్రూపు దాంట్లో లేదు. ఎయిర్‌పోర్టులో దిగిన రోజు ఆమె ఫోను చార్జింగ్ అయిపోయి చచ్చి ఉంది. అదీ ఆమె బతికి ఉండటానికి కారణం!

వెనకగదిలో కుర్చీ కిర్రుమంది.

"ఆఁ... తెలిసిందా..." ఆ గొంతు స్వీటీది కాదు. నూతిలోంచి వచ్చే గొంతు! "ఎక్కడ దాస్తావే దీన్ని? నువ్వు దాచే ప్రతి చోటా నాకు వెలుగుతోంది! సంధ్య దాటేలోగా దీని గుండె నా గుప్పిట్లో!"

షాపులో దీపాలు టపటపా కొట్టుకున్నాయి. అల్మారాలో రిపేరుకొచ్చిన ఫోన్లు, చచ్చినవి, బ్యాటరీ లేనివి, అన్నీ ఒక్కసారిగా వెలిగాయి!! ప్రతి తెర మీదా ఒకటే మ్యాపు!

"అమ్మా..." వర్షిణి కూలబడింది.

"కూర్చోకు! లే!" బేబీ వేళ్ళు తెర మీద పరుగెత్తాయి. గ్రూపులోంచి తీసెయ్యబోయింది. ఫోను ఒప్పుకోలేదు. ఇలాంటి మార్పుకి లాక్ నంబరు చాలదట. అసలు మనిషి ముఖం చూపించాలి, లేదా కోడ్ కొట్టాలి. కోడ్ పోయేది యోగానంద్ నంబరుకి!

"ముఖమే దిక్కు. పద!"

ఫోను తీసుకుపోయి స్వీటీ ముఖానికి ఎదురుగా పట్టింది. ఆ ముఖం... పెదాలు చెవుల దాకా సాగాయి. కనుగుడ్లు తెల్లగా తిరగబడ్డాయి. నుదుటి మీద నరాలు పురుగుల్లా కదులుతున్నాయి. ఫోను ఒక్క క్షణం చూసి అడ్డంగా ఊగింది.

ముఖం సరిపోలలేదు!

రెండోసారి. సరిపోలలేదు! పిశాచం పకపకా నవ్వింది. "దీనికే తెలిసింది నేనెవరో!"

బయట ఉరుము! నేల అదిరింది. స్వీటీ ముక్కులోంచి సన్నగా నెత్తురు కారింది. ఊపిరి ఆగి... మళ్ళీ అందుకుంది.

"ఇంకొక్కసారే ఇస్తుంది, తర్వాత గంటసేపు తాళం వేసుకుంటుంది. నీ స్నేహితురాల్ని బయటికి లాగు!" బేబీ అరిచింది. "అదెక్కడో లోపలే ఉంది. దానికి రోషం వచ్చే మాట ఏదైనా అను!"

వర్షిణి ఏడ్చింది. బతిమాలింది. ఇంటిపేరుతో పిలిచింది, దేవుడికి మొక్కింది. తెల్లగుడ్లు కదల్లేదు. వర్షిణికి భయం హద్దు దాటి కోపమైంది. స్వీటీ చెంపలు రెండు చేతులా పట్టుకుని మీదికి వంగింది.

"చావు పో! నువ్వేం చేయగలుగుతవే? రోడ్ టెస్టు మూడుసార్లు ఫెయిలైనదానివి! పార్కింగ్ చేయరాదు నీకు!"

సాగిన పెదాలు వణికాయి. నల్లగుడ్లు కిందికి జారాయి. ఎక్కడో అడుగునుంచి, పీలగా, ఒళ్ళుమండిన ఆడపిల్ల గొంతు...

"రెండుసార్లే! మూడోది మంచు పడి క్యాన్సలైంది!"

టక్! బేబీ పట్టిన ఫోను ఆ ముఖాన్ని ఒప్పుకుంది!!

బేబీ వేలు పడింది. ముందు గ్రూపు. తర్వాత ఆయన నంబరు. తర్వాత ఆయన కూర్చుని చూస్తున్న యంత్రాలన్నీ. తీసెయ్యి... తీసెయ్యి... తీసెయ్యి! మ్యాపు మీద నార్త్ యార్క్ నీలిచుక్క దీపం కొండెక్కినట్టు ఆరిపోయింది.

స్వీటీ గొంతులోంచి గుక్కపట్టిన కేక! నల్లటి పొగ నోట్లోంచి వెలువడి, అల్మారా అద్దాలు పగలగొట్టుకుంటూ సగం దించిన షట్టరు కిందినుంచి పడమటికి దూసుకుపోయింది!

*

గ్యారేజీలో యోగానంద్ మంత్రం మధ్యలో తెగింది. కపాలం పళ్ళ మధ్య తెర మీద రెండు చుక్కలుండాలి. ఒకటే ఉంది.

కేంబ్రిడ్జ్‌లో ఉన్నది!

"లేదు... వెనక్కి పో! ఇది నేను! నీ యజమానిని!"

తలుపు లోపలికి వంగింది. ఆయన ఫోను ఊడబెరికి నేలకేసి కొట్టాడు, ముక్కలైంది. కారెక్కాడు. మంచులో జారుతూ, అడ్డదిడ్డంగా, హైవే మీదికి పరుగు! ఊపిరి పీల్చుకుని అద్దంలో చూసుకున్నాడు... కారు డాష్‌బోర్డు మీద మ్యాపు వెలిగింది. అందులో నీలిచుక్క, హైవే మీద, కదులుతూ! కారు ఆపి దిగి మోకాలి లోతు మంచులో పొలాలకడ్డం పడ్డాడు. మణికట్టు మీద వాచీ వెలిగింది. అందులోనూ చుక్క! పళ్ళతో పీకి విసిరాడు. చెవిలో పెట్టుకున్న వినికిడి యంత్రం సన్నగా మోగింది... అదీ ఆయన పేరు మీదే ఉంది!

ఊరందరినీ కళ్ళతో కట్టేసుకోవాలని ఆయన తన చుట్టూ ఎన్ని కళ్ళు పెట్టుకున్నాడో ఆయనకే లెక్క లేదు.

"రక్తజిహ్వా! ఇంకా పిల్లలు విమానం దిగుతారు! చాలామందిని ఇస్తా! నన్ను..."

"నీ మంత్రం నాకు ఆజ్ఞ అనుకున్నావా?" మంచు మొత్తం ఒక్క గొంతై పలికింది. "అది నాకు ఆకలి! నిన్ను పోషించింది నేను!"

ఆకాశం చీలినట్టు మెరుపు! ముఖం మీది పడుచు చర్మం ఎండిన అరటాకులా ముడుచుకుంది. డెబ్బై ఎనిమిది... తొంభై... నూటరెండు! కాజేసిన ఏళ్ళన్నీ ఒక్కసారి మీదపడ్డాయి! ఒక్క కేక... అది కూడా సగంలో గడ్డకట్టింది.

పొద్దున పోలీసులకి కారు దొరికింది. అక్కణ్ణుంచి పొలంలోకి అడుగుల జాడ ముప్పై గజాలు ఉంది. ఆ తర్వాత మంచు నున్నగా ఉంది. ఆ చివరి అడుగులో గుప్పెడు బూడిద.

*

స్వీటీ రెండు రోజులు నిద్రపోయింది. లేచి అన్నం పెట్టమంది. పచ్చడి బాగా వేసుకుని తింది. ఏం జరిగిందో ఆమెకేం గుర్తులేదు. రోషం మాత్రం గుర్తుంది, "మూడుసార్లంటవా" అని వర్షిణి వీపు మీద ఒకటి కొట్టింది.

మూడో రోజు సాయంత్రం పాలు తెస్తానని బూట్లు తొడుక్కుంది. వర్షిణి లేచి తన బూట్లు వెతుక్కుంది.

"నేనొస్తా ఆగు."

"సందు చివరికే పోతున్న. పసిపిల్లనా?"

"సరే, లొకేషన్ పెట్టు మరి." నోటికి అలవాటైన మాట, అనేసి వర్షిణే ఉలిక్కిపడింది.

స్వీటీ ఫోను తీసి బల్ల మీద పెట్టేసింది. "పెట్టను. వచ్చినంక తలుపు కొడ్త."

తలుపు మూసుకుంది. బయట మంచు పడుతోంది. వర్షిణి బేస్‌మెంటు కిటికీకి ముఖం ఆనించి నిలబడింది. అక్కణ్ణుంచి నేల మట్టంలో మనుషుల కాళ్ళు మాత్రమే కనబడతాయి. పది నిమిషాలు... పదిహేను... బూట్ల జతలు వచ్చాయి, పోయాయి. ఏవీ స్వీటీవి కావు. ఊపిరికి అద్దం మసకబారింది, తుడిచింది, మళ్ళీ మసకబారింది. చేయి ఫోను వైపు పోయి, వెనక్కి వచ్చింది.

ఇరవై నిమిషాలు...

అప్పుడు తలుపు కొట్టిన చప్పుడైంది.