నిలుపు గాజులు

పదకొండో ఆమె చేతులు చెమటగా ఉన్నాయి. పైడమ్మ కుడిచేతిని ఒళ్లోకి లాక్కుని, కుంకుడు నురుగు రాసి, బొటనవేలి కింది ఎముకను లోపలికి నొక్కిపెట్టింది. గాజు ఎక్కేటప్పుడు నొప్పి తెలియకుండా ఏదో ఒకటి అడగడం ఆమెకు అలవాటు.

"ఏ ఊరమ్మా మీది?"

"సముద్రంలో పోయిన ఊరేనండి. ఇప్పుడు గట్టు కాలనీలో ఉంటున్నాం."

ఆమె ఆ మాట పూర్తిచేసేలోగా ఆఖరి గాజు మణికట్టు దాటింది. రెండో చేతికీ అయిపోయాక, ఒంటి వేడి తగిలిన పచ్చగాజుల్లో సన్నటి వెలుగు పాకి ఆరిపోయింది. గోడలోంచి తూనిక యంత్రం పలికింది. "నిలుపు. పడక నూట ఆరు." ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుని తూర్పు గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

నిర్ధారణ కేంద్రంలో పైడమ్మ పంతొమ్మిదేళ్లుగా చేస్తున్న పని ఇదే. పద్దెనిమిదో వారంలో ప్రతి గర్భిణీ వచ్చి ఒక చిన్న సీసాడు రక్తం ఇవ్వాలి. నలభై నిమిషాల్లో తూనిక రక్తజాతకం చదివి చీటీ ఇస్తుంది. పచ్చగీత ఉంటే నిలుపు. నల్లగీత ఉంటే విడుపు, అంటే కడుపు తీయించుకోవడం. పచ్చగీతవాళ్లు పైడమ్మ పీట ముందుకొస్తారు. నల్లగీతవాళ్లు పడమటి బల్ల మీద కూర్చుని లోపలి గదిలోంచి పిలుపు వచ్చేదాకా ఎదురుచూస్తారు.

పడమటి బల్ల కేసి పైడమ్మ చూడదు. చూడకూడదన్న నియమం ఎక్కడా లేదు.

విడుపు అన్నది సలహా మాత్రమేననీ, నిర్ణయం తల్లిదండ్రులదేననీ చీటీ వెనక అచ్చువేసి ఉంటుంది. అది అబద్ధమూ కాదు. కాకపోతే గాజులు లేని మనిషికి ఏ ఆసుపత్రిలోనూ పడక లేదు, ఏ మంత్రసానికీ ముట్టుకునే అనుమతి లేదు. అందుచేత అందరూ తమంతట తామే నిర్ణయించుకునేవారు.

మొదట్లో గాజుల బదులు మెడలో బిళ్ల ఉండేది. ఆడవాళ్లు దాన్ని ఇంటికెళ్లగానే తీసి పారేసేవారు. అప్పుడు పై కార్యాలయంలో ఎవరికో సీమంతం గుర్తొచ్చింది. గాజులైతే తియ్యరు, చూసుకుని మురుస్తారు అనుకున్నారు. గాజుల మలారం మోసే ఇంట్లో పుట్టిన పైడమ్మను వెతికి తెచ్చి ఈ పీట మీద కూర్చోబెట్టారు.

పన్నెండో చెయ్యి ముందుకొచ్చింది.

"చీటీ చూపించు తల్లీ."

పిల్ల చూపించింది. పేరు నీలవేణి. పేరు కింద నల్లగీత.

"నువ్వు కూర్చోవలసింది అటు."

"తెలుసు మామ్మా. మూత్రపిండాలు లేవంట. పుట్టినా ఒక పూటేనంట."

వెనక నిలబడ్డ ఆమె మొగుడు గౌరేశు భుజం తట్టాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి అతనికి. "లేచి రాయే. డాక్టరమ్మ సెప్పింది కదా, నొప్పే తెల్దంట. నిద్దర్లోనే అయిపోద్దంట."

"అదే వద్దంటన్నాను. నిద్దర్లో అయిపోకూడదు." నీలవేణి పైడమ్మ వైపు తిరిగింది. "ఉంటాదని ఆశ కాదు మామ్మా. ఉండదు. ఒక్కపాలి ఎత్తుకుని, మొకం చూసి, నేనే పంపుకుంటాను. ఆ ఒక్క పూటకీ పడక కావాల."

పైడమ్మ చేతిలోని నురుగు ఆరిపోతోంది.

ఇరవై ఏడేళ్ల కిందట, ఈ గాజులేవీ లేని రోజుల్లో, ఆమె కూడా ఆ లోపలి గదిలో పడుకుంది. మందు మత్తులోంచి లేచేసరికి ఎవరో నేల తుడిచేశారు, ఫినాయిలు వాసన. ఆడపిల్లా మగపిల్లాడా అని నర్సును అడిగింది. అవన్నీ ఇప్పుడెందుకమ్మా, పడుకో అంది నర్సు. ఆ బిడ్డకి ఏ ముఖం పెట్టుకోవాలో తెలియక, అప్పట్నుంచీ ఎదురుపడిన ప్రతి బిడ్డ ముఖమూ పెట్టి చూసుకుంటోంది. ఏదీ అతకలేదు.

మళ్లీ నురుగు తీసుకుంది. నీలవేణి వేళ్లు దగ్గరకు చేర్చి పట్టుకుని కొలత చూసింది.

"నీకు రెండు-ఆరు పడుతుంది," అంది.

కుడిచేతికి ఐదు, ఎడమచేతికి ఆరు. వెలుగు పాకింది. పడక ఇచ్చేటప్పుడు తూనిక గాజుల మాటే వింటుంది; చీటీతో తేడా ఉంటే ఒక దీపం వెలిగిస్తుంది, అంతే. "నిలుపు. పడక నూట ఏడు."

అద్దాల గదిలో పర్యవేక్షకురాలు వసుధారాణి బల్ల మీద ఎర్రదీపం వెలిగింది. ఆవిడ పరుగున వచ్చింది.

"చీటీ చూడలేదా పైడమ్మా?"

"చూశాను మేడం."

"చూసే వేశావా? తీసెయ్."

"వెచ్చబడ్డాక బిగుసుకుంటాయి మేడం. ఇంక రావు."

"పగలగొట్టు."

వేరే దారి లేదన్నది నిజమే. ఒకప్పుడు పైవాళ్లు కూర్చున్నచోటు నుంచే మీట నొక్కి ఒకరి పడక ఇంకొకరికి రాసేసేవారు. పెద్ద గొడవయ్యాక పద్ధతి మార్చారు. ఇప్పుడు గాజు లోపలి వెంట్రుకతీగ తెగితే తప్ప పడక మీంచి పేరు పోదు. గాజే కదా, చిన్న సుత్తి చాలు అనుకున్నారు. ఆ సుత్తి ఎవరు పట్టుకుంటారో ఆలోచించలేదు. పంతొమ్మిదేళ్లలో ఆ అవసరమూ రాలేదు.

వసుధారాణి సొరుగులోంచి సుత్తి తెచ్చింది. ఆయా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "కడుపుతో ఉన్న మనిషండి. నావల్ల కాదు." కాపలా మనిషి పైకప్పులో ఏదో వెతకసాగాడు.

"మీరు భర్త కదా," వసుధారాణి గౌరేశు వైపు తిరిగింది. "మీకూ విడుపే కావాలి కదా. మీరే కానివ్వండి."

గౌరేశు సుత్తి అందుకున్నాడు. దాన్నీ, పెళ్లాం చేతుల్నీ మార్చి మార్చి చూశాడు.

"నేనింకా బతికే ఉన్నాను కదండీ," అన్నాడు మెల్లిగా.

పడమటి బల్ల మీద ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలో ఏడుపైంది. గౌరేశు సుత్తిని చప్పుడు కాకుండా నేలమీద పెట్టేశాడు.

వసుధారాణి వంగి తనే తీసుకుంది. నీలవేణి మణికట్టు పట్టుకుంది. అప్పుడు ఆవిడ చేతి గాజులు జారి ఈ గాజులకు తగిలాయి. ఆవిడ అలాగే చాలాసేపు పట్టుకుని ఉండి, వదిలేసింది.

"పైకి రాస్తాను పైడమ్మా. రేపటి నుంచి నువ్వుండవు."

"రాయండి మేడం."

"ఏం సాధించావు? ఆ బిడ్డ బతకదు."

"బతకదు మేడం."

ఆవిడ అద్దాల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. రాయడానికి కూర్చోలేదు. గోడ వైపు తిరిగి నిలబడింది.

నీలవేణి చేతులు కడుపు దగ్గరకు తెచ్చి ఒకసారి కదిపింది. "ఈ సప్పుడు లోపలికి ఇనిపిస్తాదా మామ్మా?"

"వినిపిస్తుంది. ఇంకో నాలుగు వారాలు పోతే బాగా వినిపిస్తుంది."

ఆ తర్వాత ఎన్ని వారాలో ఇద్దరికీ తెలుసు. గౌరేశు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ తూర్పు గుమ్మం దాటారు. వరండా చివరిదాకా ఆ చప్పుడు వినిపించి, ఆగిపోయింది.

పైడమ్మ మలారం సర్దుకోబోయింది. రేపటి నుంచి పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లాలో తెలియలేదు. అప్పుడు పీట ముందు ఎవరో కూర్చున్నట్టయి తలెత్తింది. పడమటి బల్ల మీంచి లేచొచ్చిన మనిషి. ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక మరొకామె. చీటీ ఎవరూ చూపించలేదు. ముందున్నామె రవిక చెయ్యి పైకి లాక్కుని చెయ్యి చాపింది.

ఆ చెయ్యి చల్లగా ఉంది. పైడమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుని, నురుగు రాసి, బొటనవేలి కింది ఎముకను వెతికింది.

"ఏ ఊరమ్మా మీది?"