స్వరదర్శిని అడిగిన మాట

2084 నాటికి రోదసి రేవులో సూదులూ లేవు, స్కానింగు గదులూ లేవు. గోడకున్న స్వరదర్శిని ముందు ఒక్క మాట అంటే చాలు, గొంతులోని సన్నని వణుకులను బట్టి గుండె, ఊపిరితిత్తులు, నరాలు ఎలా ఉన్నాయో చెప్పేస్తుంది. ఆకుపచ్చ దీపం వెలిగితే ఓడెక్కాలి, ఎర్రది వెలిగితే ఇంటికెళ్ళాలి.

ఆ రోజు పొద్దున్నుంచీ ఎర్రదే వెలుగుతోంది.

"తెలుగువాళ్ళందరికీ ఒక్కసారే గుండెజబ్బా!" అని జుట్టు పీక్కుంటున్నాడు దాన్ని తయారుచేసిన డాక్టర్ మకరందం. అతను పుట్టి పెరిగింది అంగారకుడి మీద. తెలుగు కూడా యంత్రం దగ్గరే నేర్చుకున్నాడు.

రాజ్యం వంతు వచ్చింది. అరవై దాటాక ఆవిడ అంగారకుడి మీద వంటశాల నడపడానికి బయల్దేరింది. వెళ్ళే ఓడే గాని తిరిగొచ్చే ఓడ లేదు. సాగనంపడానికి వచ్చిన అక్క వకుళమ్మ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఈ ప్రయాణం ఆగిపోవాలని దేవుళ్ళందరికీ మొక్కుతోంది.

"'పోతాను' అనండమ్మా," అన్నాడు మకరందం.

"శుభమా అని బయల్దేరుతుంటే అదేం మాట నాయనా!"

"'ప'కి పెదవులు, 'ఓ'కి ఊపిరి, 'త'కి నాలుక, 'ను'కి ముక్కు. అన్నీ పరీక్షకు దొరికే మాట అదే."

రాజ్యం చెంపలు వేసుకుని, "పో... తాను," అంది.

"గుండెదడ. ప్రయాణం రద్దు," అంది స్వరదర్శిని, ఎర్రగా వెలిగి.

వకుళమ్మకు పాయసం తాగినట్టయింది. ఆ దడ ఎందుకో ఆవిడకు తెలుసు. ఒకనాడు రాజ్యం భర్త నవ్వులాటకు ఆ మాటే అని గడప దాటాడు, మళ్ళీ రాలేదు. ఇప్పుడు తను నోరు మూసుకుంటే చాలు, చెల్లెలు ఉండిపోతుంది.

రాజ్యం మాత్రం సంచిలోంచి కొత్త గరిటె తీసి, దాన్నే చూస్తూ కూర్చుంది. వకుళమ్మ మొహం తిప్పుకుంది. అయినా గరిటె కనబడుతూనే ఉంది.

"నీ యంత్రానికి మర్యాద తెలీదయ్యా డాక్టరూ!" అని లేచింది చివరికి. "బయల్దేరేవాళ్ళు ఎక్కడైనా పోతానంటారా, చావు కోరుకున్నట్టు? 'పోయొస్తాను' అంటారు. నీకు కావలసిన పెదవీ నాలుకా ముక్కూ అందులోనూ ఉన్నాయిగా! అనవే రాజ్యం."

"పోయొస్తానక్కా!"

ఆకుపచ్చ దీపం. వరసంతా "పోయొస్తాం, పోయొస్తాం" అని ఒకటే గోల.

మకరందం బుర్ర గోక్కున్నాడు. "తిరిగొచ్చే ఓడ లేదు కదండీ, మరి అది అబద్ధం కాదా?"

"మర్యాద నాయనా, అబద్ధం కాదు."

ఓడ లేచిపోయింది. రేవు ఖాళీ అయింది. వకుళమ్మ అటూ ఇటూ చూసి, గోడ దగ్గరికెళ్ళి గుసగుసగా అడిగింది: "మా రాజ్యం మళ్ళీ వస్తుందంటావా?"



"వస్తుందమ్మా," అంది స్వరదర్శిని.

తన గొంతులోని వణుకు తన చెవినే పడింది కాబోలు, ఎర్రదీపం వెలిగింది.

"ఊరుకో, ఊరుకో," అంటూ వకుళమ్మ పైటచెంగుతో ఆ దీపాన్ని కప్పేసింది.