బెంచీకి ఆ కొసన

ఆ హోటల్లో నీళ్లు లేని ఈతకొలను ఒకటి, దాని పక్కన ఒక సిమెంటు బెంచీ. పొద్దుగూకాక ఆ బెంచీ మీద ఎవరూ కూర్చోరట. దుప్పట్లు ఆరేయడానికి అటు వెళ్లాల్సి వస్తే పనమ్మాయిలు ఇద్దరిద్దరు కలిసి వెళ్తారట. నేను చూడలేదు బాబూ, మా పక్కింటి రోకె చెప్పగా విన్నాను. వాడు బస్సు నడుపుతాడు, కోతలు కోసే రకం కాదు. ఉన్నది చెప్పడానికే వాడికి మాటలు చాలవు.

వాడి పెళ్లాం గ్రసియేలా పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. పదమూడేళ్ల కూతురు మలేనా, తల్లిని సమాధి చేసిన రోజు నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది. అమ్మమ్మతో మాట్లాడుతుంది, మా కుక్కతో కూడా మాట్లాడుతుంది. తండ్రి ఎదురుపడితే మాత్రం నోటికి తాళం. జనవరిలో మాకు వేసవి ఎండలు ముదరగానే అమ్మమ్మ ఒఫీలియా పట్టుబట్టింది — బ్రెజిల్ సముద్రం దగ్గరికి పోదాం, ఇంట్లో నోరు విప్పని పిల్ల అక్కడైనా విప్పుతుందేమో అని. మా అర్జెంటీనా వాళ్లంతా అంతే, ఏ బాధకైనా బ్రెజిల్ సముద్రమే మందనుకుంటారు.

చవక హోటల్. ముగ్గురికీ ఒకటే గది, గోడలకు చెమ్మ, తిరిగినంతసేపూ మూలిగే ఫ్యాను. పిల్ల రోజూ ఇసుకలో వీపు తిప్పుకునే కూర్చుంది. రోకె మొక్కజొన్న పొత్తు కొనిస్తే తీసుకుంది, తింది. మాట మాత్రం లేదు.

వచ్చిన మర్నాడే హోటల్ యజమానురాలు జులైదా వాణ్ణి పక్కకు పిలిచింది.

"ఆ బెంచీ మీద కూర్చోకు బాబూ," అంది గొంతు తగ్గించి. "ఆ కొలనులో ఒకావిడ పోయింది. తోడు కోసం వస్తుంది. ఏమీ చెయ్యదు... కానీ ఆవిడకంటే ముందు నువ్వు లేచావో, నీ వెంట ఇంటిదాకా వస్తుంది."

వీడు నవ్వి ఊరుకున్నాడు.

ఆఖరి రాత్రి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, అత్తగారి గురక అందుకుంది. మలేనా మంచం మీద దుప్పటి ముద్ద కనిపిస్తే నిద్రపోయిందనుకున్నాడు. తెల్లారితే తిరుగు బస్సు. ఇంటికెళ్తే మళ్లీ అదే మౌనం. ఇక ఈ పిల్ల నాకు దక్కదు అనిపించి వాడికి ఆ గదిలో ఉండబుద్ధి కాలేదు. వేడినీళ్ల ఫ్లాస్కు, మాతే తాగే సొరబుర్ర చేత్తో పట్టుకుని తడుముకుంటూ బయటికొచ్చాడు. చీకట్లో కాలికి తగిలిన దాని మీద కూలబడ్డాడు. ఏ బెంచీయో చూసుకోలేదు.

మాతే అంటే మా టీ లాంటిది, ఒకే బుర్రలో వంతులవారీగా తాగుతాం; ఆకు అందులో ముందే ఉంది. వేడినీళ్లు పోసి, స్టీలు గొట్టంతో మొదటి మాతే తనే తాగాడు. రెండోసారి పోస్తుంటే — పక్కన ఎవరో ఊపిరి తీసుకున్నారు.

బెంచీకి ఆ కొసన ఒక ఆడమనిషి. తల మీంచి తెల్లటి గుడ్డ. ముఖం కొలను వైపు.

ఇంకొకడైతే పరుగు లంకించుకునేవాడు. కానీ మావాళ్ల చేతికి బుద్ధుండదు. పక్కన మనిషిని పెట్టుకుని ఒక్కడే మాతే తాగడం మాలో లేదు. భయం తలకెక్కేలోపే వీడు చెయ్యి చాచేశాడు.

చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చింది... అందుకుంది. ఆఖరి చుక్క పీల్చిన చప్పుడు. ఖాళీ బుర్ర వాడి చేతికి తిరిగొచ్చింది.

తాగినవాళ్లు థాంక్స్ అంటేనే ఇక చాలని అర్థం. అనేదాకా పోస్తూనే ఉండాలి, అది మా మర్యాద. ఆవిడ అనలేదు. లేస్తే వెంట వస్తుంది, పొయ్యకపోతే ఏం చేస్తుందో తెలీదు. రోకె లేవలేదు. పోశాడు, తాగాడు, మళ్లీ పోశాడు, ఇచ్చాడు...

భయమైనా ఎంతసేపుంటుంది? ఏడాదిగా వాడి పక్కన అంతసేపు ఎవరూ కూర్చోలేదు. ఇంట్లో వాడే పోసుకుని వాడే తాగుతాడు, పాపం. దెయ్యమైతేనేం, మనిషిలాగే ఉంది కదా అనిపించిందట.

"మీరెవరో నాకు తెలీదమ్మా," అన్నాడు మెల్లగా. "నాకో కూతురుంది. ఆ రోజు పొద్దున్నే డాక్టరు నాతో చెప్పేశాడు, వాళ్లమ్మకు ఇదే ఆఖరని. నేను పిల్లతో, అమ్మ బాగానే ఉంది, నువ్వు బడికి పో అన్నాను. అది తిరిగొచ్చేసరికి..."

తెల్లగుడ్డ కదిలింది.

"పసిది, తట్టుకోలేదని పంపానని అందరికీ చెప్పాను. అబద్ధం. అది ఏడుస్తుంటే నేను చూడలేను, అందుకే పంపాను. దానికి చెప్పే ధైర్యం లేక... ఇదిగో, మీకు చెప్తున్నాను."

ఈసారి బుర్ర తిరిగి రాలేదు.

వీడు చెయ్యి చాచే ఉంచాడు. ఎంతకీ రాదు. బెంచీ మీద ఎవరో జరుగుతున్న అలికిడి... దగ్గరికి. ఇంకా దగ్గరికి. తడి తువ్వాలు వాడి భుజానికి తగిలింది. హోటలు వాళ్లిచ్చే చవక సబ్బు వాసన.

"నాన్నా."

మలేనా గొంతు. ఉక్కకు తువ్వాలు తడిపి తల మీద వేసుకుని, ఎవరూ రాని చోటని రోజూ రాత్రి అక్కడే కూర్చుంటోందట.

"నువ్వు పంపావని కోపం వచ్చింది," అంది పిల్ల వెక్కుతూ. "కానీ మాట్లాడనిది అందుకు కాదు నాన్నా. అమ్మ పోయిన టైముకి నేను బడిలో పడీ పడీ నవ్వుతున్నాను. ఆ సంగతి నీకెలా చెప్పను?"