వరస పూర్తి కానీ

చర్చి విందులో లైల్ నన్ను మొదటిసారి చూసినప్పుడు మొహం చూడలేదు. భుజాలు చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరకి. దర్జీ ఏమో అనుకున్నాను. పెళ్లయ్యి, అతని గరాజులో సగం కట్టిన విమానాన్ని చూశాక అర్థమైంది. దాని తోకలోకి దూరగల ఆడమనిషి కావాలతనికి. అలా దూరినప్పుడే మొదటి భార్య ఆర్డిస్ గుండె ఆగి చనిపోయింది. ఆవిడ చేతులకు రాసుకునే లావెండర్ క్రీము సీసా ఇంకా వంటింటి కిటికీలోనే ఉంది.

విమానం ముక్కలుగా పెట్టెల్లో వస్తుంది. ఇంట్లో బిగించుకోవాలి. రేకులు అతికే రివెట్లనే మేకులు కొట్టేటప్పుడు బయట మగాడు రివెట్ గన్నుతో దడదడా కొడుతుంటే, లోపల ఆడది మేకు వెనక ఇనప దిమ్మ ఆనించి పడుకోవాలి. ఆ మోతలో మాట వినపడదు. అందుకని లోపలి మనిషి రేకు మీద తడుతుంది. ఒక దెబ్బ అంటే, బాగుంది, తర్వాతది కానీ. రెండంటే పాడైంది. మూడంటే ఆపు, నన్ను బయటికి తియ్యి.

"మొత్తం ఒక్కడివే కట్టావటయ్యా?" అన్నాడు పక్కింటి గోర్డీ ఆ శనివారం, కాఫీ తాగుతూ.

"ఒక్కణ్ణే," అన్నాడు లైల్. ఖాళీ కప్పులు నేను తీశాను.

గోర్డీ వెళ్లాక మంచు పెరిగింది. మధ్యాహ్నమే గరాజులో చీకటి పడింది. మీటర్లు బిగించే పలక వంతు వచ్చింది. లైల్ సీట్లో కూర్చుని ముందు నుంచి స్క్రూ తిప్పుతాడు. నేను పలక కింద వెల్లకిలా దూరి, వైర్ల మధ్య చెయ్యి పెట్టి వెనక నట్టు పట్టుకోవాలి. మొహం మీద చల్లని రేకు. రంగు వాసన. దాని వెనకాల, సన్నగా, లావెండర్.

నట్టు చేతిలోంచి జారిపోయింది. వెతుక్కుంటున్నాను.

స్క్రూ బిగుసుకుంది.

"శభాష్ డార్లా! చెయ్యి తిరిగింది నీకు."

"నేనింకా పట్టుకోలేదు..."

రెండో స్క్రూ. నా వేళ్లను ఒరుసుకుంటూ ఏదో వెళ్లింది. చల్లగా. మెత్తగా. నట్టు పట్టుకుంది...

టక్. టక్. టక్.

"అప్పుడే వేషాలా? వరస పూర్తి కానీ," అన్నాడు లైల్.

"నేను కొట్టలేదు," గొణిగాను. "తోకలోంచి..."

స్క్రూడ్రైవర్ ఆగింది. తర్వాత నవ్వాడు. "ఆర్డిస్ కూడా ఇంతే. అంతకుముందు రోజు నడుం నొప్పని మూడు కొట్టింది. మర్నాడు కొట్టినా అదే అనుకున్నా. వరస పూర్తిచేసి చూశా."

"చూస్తే?"

"ఆఖరి రివెట్టు దాకా దిమ్మ వదల్లేదు పాపం. వరస చక్కగా వచ్చింది."

నేను బయటికి పాకాను. మళ్లీ దూరనన్నాను.

"ఎలకకి భయపడి చచ్చే మొహం! చూపిస్తా ఉండు." టార్చి పట్టుకుని సీట్ల వెనక కంతలోంచి తోకలోకి తల పెట్టాడు. భుజాలు ఇరుక్కున్నాయి. తిట్టుకుంటూ తోసుకున్నాడు. నడుం పోయింది. బూట్లు బయట ఆగాయి.

ఉన్నట్టుండి అవీ లోపలికి పోయాయి. పాకినట్టు లేదు... లాగినట్టుంది.

టక్. టక్. టక్.

నిలబడ్డాను. కాళ్లు పట్టి ఈడ్చవచ్చు. గోర్డీని కేకెయ్యవచ్చు. మళ్లీ మూడు. ఈసారి తొందరగా.

"వరస పూర్తి కానీ, లైల్," అన్నాను.

అతని సీట్లో కూర్చున్నాను. మిగిలిన స్క్రూలు ఒక్కొక్కటే తిప్పాను. పలక వెనక ఎవరూ లేరు. ఒక్కటీ జారలేదు. ఆఖరిది బిగిసేసరికి తోకలో చప్పుడు ఆగిపోయింది.

తోక రేకు కోసి లైల్ శవాన్ని బయటికి తీశారు. చేతులు రెండూ గుండె కింద మడతపడి ఉన్నాయి. ఆ చేతులతో ఎలా తట్టాడో నన్నెవరూ అడగలేదు, తట్టిన సంగతే ఎవరికీ తెలియదు గనక.

ఖననం తర్వాత అందరూ మా ఇంట్లోనే తిన్నారు. గోర్డీ రెండోసారి వడ్డించుకుని నా పక్కన చేరాడు.

"అంత పనీ వృథా పోనివ్వకమ్మా. ఆ తోక మనిద్దరం మళ్లీ అతుకుదాం. లైల్ ఆత్మ సంతోషిస్తుంది."

మాట నాతోనే. చూపు మాత్రం నా భుజాల మీద. ఈ చివర నుంచి ఆ చివరకి.

గోడవతల గరాజుకి తాళం వేసి ఉంది. అక్కణ్నించి ఒక్కటే దెబ్బ వినిపించింది.

టక్.