శ్రీ లేని బొమ్మ

త్రిమూర్తులు బస్సు దిగి మూడడుగులు వేశాడు. నాలుగోది పడలేదు. సైలెన్సర్ బిగించిన తుపాకీకి చప్పుడెక్కడిది? కొబ్బరికాయల లారీ పక్కన ఒరిగిన మనిషికి ఎండదెబ్బ తగిలిందనుకున్నారు జనం. అతని చొక్కా లోపలి సీడీ శత్రువుల కంటే ముందు గూఢచారి డిపార్ట్‌మెంటుకి చిక్కింది.

2004 మే. మర్నాడు సాయంత్రం నాలుగింటికి అమలాపురంలో, శుభలేఖలు అచ్చువేసే షాపు మేడమీద ఏజెంట్ ధర్మరాజు కంప్యూటర్ ముందు పళ్ళు నూరుతున్నాడు. త్రిమూర్తులూ అతనూ పదేళ్ళు ఒకే కంచంలో తిన్నారు.

ఫోన్లో చీఫ్ గొంతు.

"ముక్తేశ్వరం రేవు. ఐదున్నరకి రాడార్ సైంటిస్టు పెద్దిరాజు గారు గోదావరి దాటుతారు. రేవు దాటించే ఒక పంటు పడవలో బాంబుంది."

"ఏ పంటు సర్?"

"మూడున్నాయి. ఆపి వెతికితే గట్టుమీది శత్రువు రిమోట్ నొక్కేస్తాడు. ఎనభై మంది పోతారు. చోటు కచ్చితంగా కావాలి."

చోటు ఎదురుగానే ఉంది. శత్రువుల గ్రాఫిక్స్ ఆఫీసులో డిజైనరుగా చేరి త్రిమూర్తులు తనే గీసి, కాపీ తెచ్చిన త్రీడీ పంటు. కానీ దానికి తొడగాల్సిన ఫోటోలు లేక బూడిద పూసుకున్నట్టుంది. పంటు పేరూ, బాంబు గుర్తూ ఆ ఫోటోల్లోనే ఉన్నాయి. తెరమీద ఒకటే పాట: "శ్రీ_పంటు2 దొరకలేదు. వెతుకుతున్నాను..."

"కాన్సిల్ నొక్కితే ఈ బొమ్మ సీను పాడవుతుంది సర్," అంది జ్యోతిర్మయి. హైదరాబాద్ నుంచి దిగిన త్రీడీ ఎక్స్‌పర్ట్. సీడీని హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించింది ఆవిడే. నల్లకళ్ళజోడు, ఫారిన్ సెంటు. "డిస్కంతా వెతకనివ్వండి."

"ఎంతసేపు?"

"గంటన్నర."

ఈ సాఫ్ట్‌వేరు రాసినవాణ్ణి పంటుకి కట్టి గోదాట్లో ఈడ్చాలనిపించింది ధర్మరాజుకి. ఐదు దాటింది. పచ్చగీత సగానికి కూడా రాలేదు. ఇక పట్టలేక తనే ఫోటోల ఫోల్డర్ తెరిచాడు.

పంటు1. పంటు2. పంటు3.

శ్రీ ఏది?

సీక్రెట్ కోడ్ మీద కూడా శ్రీ చుట్టేవాడు త్రిమూర్తులు. "ఇదేమిటయ్యా?" అని చీఫ్ గదమాయిస్తే, "ఆయ్, అది లేకపోతే చెయ్యి కదలదండి," అన్నాడు. అలాంటివాడు శ్రీ లేకుండా ఒక్క ఫైలూ దాచడు. సాఫ్ట్‌వేరు అడుగుతున్నది అతను పెట్టిన పేరే. మరి దాన్ని చెరిపిందెవరు?

ఎక్కించిన చెయ్యి ఒక్కటే.

"జ్యోతిర్మయి గారూ, తల పగిలిపోతోంది. కింద కాఫీ చెప్తారా?"

ఆవిడ గుమ్మం దాటింది. ధర్మరాజు కాన్సిల్ నొక్కాడు. సీను చెక్కుచెదరలేదు. మూడు పేర్లకీ ముందు శ్రీ తగిలించి మళ్ళీ తెరిచాడు. ఐదు సెకన్లలో పంటుకి రంగులొచ్చాయి. పక్కన తెల్లటి అక్షరాలు: సత్యవేణి. లైఫ్ జాకెట్ల పెట్టె మీద ఎర్రటి సున్నా.

వాచీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కి, రేవులో పెద్దిరాజు గారి వెన్నంటి ఉన్న ఏజెంటుని పిలిచాడు. "అయ్యప్పా! సత్యవేణి. లైఫ్ జాకెట్ల పెట్టె."

"ఆయ్. ఎక్కే ఉన్నానండి," అంది వాచీ.

"చేతులెత్తండి సర్."

వెనక జ్యోతిర్మయి. చేతిలో లిప్‌స్టిక్. దాని చివర చిన్న గొట్టం. ధర్మరాజు కుర్చీని వెనక్కి తన్నాడు. గుండు మానిటర్‌ని చీల్చింది. మరుక్షణం ఆవిడ మణికట్టు అతని గుప్పిట్లో ఉంది.

ఐదూ ఇరవై తొమ్మిది. నడి గోదాట్లో ముంజలమ్మేవాడి వేషంలో ఉన్న అయ్యప్ప పెట్టెలోని పొట్లాన్ని గంపలో వేసి, కాలు జారినట్టు నటించి, గంపని ఏటిపాలు చేశాడు. గట్టుమీది శత్రువుకి కనిపించింది పోయిన ముంజలే. పంటు దూరం జరిగింది. ఐదున్నరకి శత్రువు రిమోట్ నొక్కాడు. నీళ్ళు తాడిచెట్టెత్తున లేచాయి. ఎనభై మందీ తడిశారు. అంతే.

"ఎలా కనిపెట్టారు?" సంకెళ్ళు పడ్డాక అడిగింది జ్యోతిర్మయి.

"నన్ను తిడుతూ రాసిన చీటీ మీద కూడా పైన శ్రీ చుట్టాడమ్మా వాడు." అన్నాడు ధర్మరాజు. "వాణ్ణి చంపించావు సరే. వాడి చేతి అలవాటు చావలేదు."

ఆ సాయంత్రం రిపోర్టు మీద, సర్వీసులో మొదటిసారి, శ్రీ చుట్టాడు. 'ఆఫీసులో దూరిన శత్రువుల సంఖ్య' అన్నచోట రాశాడు: "రెండు. ఒకర్ని పట్టుకున్నాం. రెండోదాన్ని మన ఆఫీసే సాఫ్ట్‌వేరు లైసెన్సు ఫీజు కట్టి కొనుక్కుంది."